మూడో చేప

పన్నెండు వాయిదాలు, పన్నెండు నెలల వారంటీ.
రెండూ ఒకే రోజు పుట్టిన కవలలు.

వాల్డివియాలో వాన వెలిసిన పూట
మా ఆయన్ని చేపల రేవులో నిలబెట్టి నొక్కాను.
ఆయన మొహం ఆవిరి పట్టిన అద్దం.
వెనక ఆవలిస్తున్న సముద్ర సింహానికి మాత్రం
మీసాలు లెక్కపెట్టుకోవచ్చు.

"చెయ్యి వణికిందమ్మా" అన్నాడు కొట్లో నికనోర్,
రసీదు వంక చూడకుండానే.
ముప్పై ఏళ్ళుగా ఈ చేత్తోనే
వెన్నుముల్లు విరక్కుండా చేప చీలుస్తున్నాను, నాయనా.

శాంటియాగో వెళ్ళొచ్చింది పెట్టె.
లోపల చీటీ: లోపమేమీ కనబడలేదు.
మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ అదే చీటీ,
ఈసారి స్టాంపు కాస్త వంకరగా.

బల్ల మీద ఏడు చేపలు వరసగా పేర్చి
మూడోదాని కంటికి గురిపెట్టాను.
పొలుసు పొలుసూ తేలింది అయిదోది.
ఆ ఫోటో అచ్చువేయించి, మూడో చేపకి ఎర్రసిరా సున్నా చుట్టి
పెట్టెలో పడేశాను. తొమ్మిదో వాయిదా కట్టిన రోజది.

ఇరవై రోజులు.
కార్డు తియ్యడం మరిచినట్టున్నాను,
అందులో నావి కాని ఫోటోలు నాలుగు:
బూడిదరంగు గోడ. స్కేలు. టీ కప్పు.
ఆఖర్న ఒక అమ్మాయి, అలుక్కుపోయిన మొహంతో,
నవ్వుతోందో విసుక్కుంటోందో.
ఆమె వెనక గోడ గడియారం
సెకన్ల ముల్లుతో సహా స్పష్టం: రాత్రి తొమ్మిదీ పది.

చీటీ మీద ఈసారి చేతిరాత:
"అయిదో చేపే. మీ చెయ్యి కాదు. లెన్సు మార్చాం."

మా ఆయన గడ్డం గీసుకుని మళ్ళీ రేవుకొచ్చాడు.
ఆగమన్నాను. కార్డు నిండిపోయింది.
ఒక్కో సముద్ర సింహాన్నే చెరుపుతున్నాను,
ఆ అమ్మాయి జోలికి పోకుండా.