పినాక్ గారి చీటీ

మంగళ, గురు, శనివారాలు
నాలుగో నంబరు కుర్చీ ఆయనది.
హడర్స్‌ఫీల్డ్ కొండలకు ఇంకా తెల్లవారదు,
ఆయన చొక్కా చెయ్యి అప్పటికే మడిచి ఉంటుంది.
సూది గుచ్చేటప్పుడు నా వంక చూడడు,
కిటికీ అద్దం మీద వానను లెక్కపెడతాడు.

ఏం వింటావమ్మా నువ్వు, అన్నాడొకసారి.
ఏదో ఒకటి, రేడియోలో వచ్చేది, అన్నాను.
తిండి దొరక్క గడ్డి తింటున్నానని చెప్పినట్టు
నొచ్చుకున్నాడు.

తర్వాతి శనివారం చీటీ తెచ్చాడు.
కిడ్నీ రోగులు తినకూడనివి అచ్చేసిన కాగితం,
అరటిపండుకీ బంగాళదుంపకీ వెనకవైపున
నీలం సిరా, వణికే అక్షరాలు.

మొదటిది కింగ్‌స్టన్ దర్జీది.
ఒకే ఒక్క రికార్డు ఇచ్చి
మళ్ళీ కుట్టుమిషను ముందు కూర్చున్నాడట.
"రెండోవైపు విను. మొదటివైపు అద్దె కోసం."
రెండోది అబిజాన్ అక్కచెల్లెళ్ళది.
పోట్లాడుకుంటూనే పాడతారు, శ్రుతి మాత్రం తప్పరు.
మూడు, ఒసాకా. హిసాయే కురొమారు.
రైల్లో గొడుగు మరిచిపోయిన మనిషి గురించి.
కింద రెండు గీతలు:
"మాట తెలియక్కర్లేదు, తడిస్తే చాలు."
నాలుగు, యొకొహామా రేవులో క్రేన్లు నడిపే ముగ్గురు.
బరువు ఎలా దించాలో తెలిసినవాళ్ళు కదా,
బాస్ వాళ్ళ దగ్గరే వినాలట.
ఐదోది కొట్టేసి ఉంది.
అడిగితే, మూడేళ్ళు ఆమె నా భార్య, అన్నాడు.
ఆరు అని అంకె వేసి
ఖాళీ వదిలాడు.

రాత్రి పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే విన్నాను.
మొదటి దెబ్బ పడాల్సిన చోట
ఏమీ లేదు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని
కాలు వేసినట్టు.
పడిపోయాననుకునేలోగా మూడో దెబ్బ వచ్చి
మడమ కింద నిలబడింది.

ఇక ఆ ఒసాకా ఆవిడ!
ప్రతి మాటనూ అచ్చు దగ్గరే దించుతుంది
మన మాటల్లాగే, నోరు తెరిచి ఉంచి.
రెండుసార్లు నాకు తెలుగు వినిపించింది.
ఒకసారి "రావే" అన్నట్టు,
ఇంకోసారి, ఒట్టు, "మామిడి" అన్నట్టు.
పప్పు అడుగంటింది.

రంగుల మిల్లులో పనిచేసిన రోజుల్లో
పాత బీరువాల చెక్కతో స్పీకరు పెట్టెలు కట్టాడట పినాక్ గారు,
మనిషి నిలువంత.
చర్చి హాలులో మొదటి రాత్రే
పైకప్పు సున్నం జనం నెత్తిన రాలింది.
తెల్లారి ఊడ్చింది ఆయనే.
ఎడమ చెవి ఆ హాలులోనే వదిలేశాడు.
అందుకే ఇప్పుడు రక్తం తిప్పే యంత్రం మీద
అరచెయ్యి ఆనించి కూర్చుంటాడు,
దాని చాలు బాగుంది, పాటే లేదు అంటాడు.

ఆరోదాని సంగతి అడగలేదు ఆయన.
నేనే ఫోను తీశాను గురువారం.
సూర్యాపేట దగ్గర మా చిన్నమామ,
చెత్తమంట మీద కాచిన డప్పు,
కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల,
పక్కన ఎవరో దగ్గుతున్నారు, మేక ఒకటి అరుస్తోంది.
ఈ వార్డులో ఇన్నేళ్ళలో
మా ఇంటి మోత ఎవరికీ వినిపించలేదు నేను.
ఎందుకో చెప్పాలంటే ఇంకో చీటీ కావాలి.

ఫోను చెవి దగ్గర పెట్టుకోలేదాయన,
రొమ్ము ఎముక మీద పెట్టుకున్నాడు.
కళ్ళు మూశాడు.
నిద్రపోయాడేమోనని బీపీ చూశాను.

బాస్ ఎవరు, అన్నాడు చివరికి.
నేల, అన్నాను.

చాలాసేపు ఆలోచించాడు.
మేక బాగుంది, తీసెయ్యనివ్వకు, అన్నాడు.
పెన్ను అడిగి, గుచ్చని చేత్తో,
ఆరో అంకె పక్కన ఇంగ్లీషులో డప్పు అని రాశాడు,
ఒక ప తక్కువగా.
దిద్దబోయాను.
అంతలో యంత్రం కూసింది, ఏదో పీడనం,
గొట్టం మడత సరిచేసి
ఐదో కుర్చీ వైపు నడిచాను
ఒక అడుగు ఆలస్యంగా.