నల్ల పలక మీద రెండు నిమిషాలు

సిరొంచ గ్రామీణ రుగ్ణాలయంలో
నా గది కిటికీకి ప్రాణహిత కనిపించదు.
దాని మీంచొచ్చే తేమ మాత్రం
స్లయిడ్ల పెట్టె దాకా వస్తుంది.

జాడి మధునక్క బెంచీ మీద కాలు చాపింది.
మిర్చి ఏరబోయి తుమ్మముల్లు తొక్కి నాలుగు రోజులు.
పాదం నిగనిగా ఉబ్బింది, వేలు పెడితే సెగ,
గజ్జల్లో చింతగింజంత బిళ్ల.
"ముల్లు తీసేసిన గద బిడ్డా,
ఇంకెవలితోని కొట్లాట?"

ముల్లు వెంట వచ్చిన మట్టితో అక్కా.
చర్మం కింద కాపున్న కణమొకటి
ఆ మట్టిలో ఎరగని మొఖాన్ని తడిమి చూసింది.
కేకెయ్యడానికి దానికి గొంతు లేదు.
ఒక ప్రోటీను ముక్కను వదిలింది, అంతే.

ఆ ముక్క తగిలిన రక్తనాళంలో
ఇటుకకూ ఇటుకకూ మధ్య సందు తెరుచుకుంటుంది.
నీళ్ళు ఊరతాయి, పాదం చెప్పులో పట్టదు.
లోపలి గోడ జిగురెక్కుతుంది.
దొర్లుకుంటూ పోయే తెల్లకణం అక్కడ అంటుకుని
ఒళ్ళు సన్నం చేసుకుని, సందులో దూరి
మాట ఎటు చిక్కగా ఉంటే అటు నడుస్తుంది.

"దెబ్బ కాలుకు గదా,
మరి పండ్లెందుకు కొట్టుకుంటున్నయి రాత్రంత?"

అదే మాట నెత్తుట్లో పడి తల దాకా పోయింది.
తల విని, ఈ మంట చాలదంది.
నువ్వు కాలుతున్నావు, నీకు చలేస్తోంది,
రెండూ అబద్ధం కాదు.
అన్నం మీద మనసు విరిచిందీ ఆ మాటే.
లంఖణం పరమౌషధమని మీ అమ్మకన్నా ముందు
అదే చెప్పింది కడుపుకు.

ఒకటే మాట.
ఏ గడపలో పడితే ఆ అర్థం.

పొద్దున వార్ధా నుంచి వచ్చిన డాక్టరమ్మ
ఏమైందని అడిగితే మధునక్క అంది: "మిర్చి తోట."
డాక్టరమ్మ కాగితం మీద 'తోటా' అని రాసుకుంది.
ఆమె భాషలో అంటే నష్టం.
దిద్దబోయి ఆగాను.
వానాకాలం వెనక్కెక్కిన నీళ్ళలో
ఈమె మూడెకరాలు నానిపోయిన సంగతి నాకు తెలుసు.
ఇప్పుడు ఏరేది అవతలి ఒడ్డున, ఎవరిదో.

నల్ల పలక, గుండ్రటి గడి.
ఆమె సీరం ఒక చుక్క, పాలరంగు మందు ఒక చుక్క.
పుల్లతో కలిపి, పలకను అటూ ఇటూ ఊపుతూ
రెండు నిమిషాలు.
ఇరవయ్యేళ్ళుగా ఊపుతున్నాను,
ఆ మాటను ఒక్కసారీ చూడలేదు.
నిమిషాల్లో పుట్టి నిమిషాల్లో పోతుందది.
నాకు దొరికేది కాలేయం ఇచ్చుకున్న జవాబు,
అడిగినవాడు వెళ్ళిపోయాక కూడా
నెత్తుట్లో రోజుల తరబడి తిరిగే జవాబు.

పాలు విరిగాయి. ఇసక రవ్వల్లా పలుకులు.

ఒక ఏడు ఈ పలకలు చాల్లేదు.
ఎక్స్‌రే గది సడ్మేక్ భీమ్‌రావు ఒంట్లో
ఒక కణం అరుపు విని ఇంకోటి అరిచి,
దాన్ని విని మొదటిది మళ్ళీ అరిచి,
పురుగెంతో, అరుపెంతో తేలకముందే
ఊపిరితిత్తుల నిండా నీళ్ళు.
తన కాపలావాళ్ళ కేకల్లో మునిగిపోయాడు.
చాలు అనే ప్రోటీనూ ఉంటుంది ఒంట్లో.
ఆ రాత్రి అది ఆలస్యంగా పలికిందో,
పలికినా ఎవరికీ వినబడలేదో.

వారం తర్వాత మధునక్క నడిచే వచ్చింది.
చీము పోయింది, చర్మం ముడతలు పడి
పొట్టు రాలుతోంది.
పలక ఊపాను. పాలు పాలుగానే ఉన్నాయి.
"ఇప్పుడేమంటున్నది లోపల?"
ఏమీ అనట్లేదు అక్కా.
"గంతేనా" అని, కొంచెం చిన్నబుచ్చుకుని,
వదులైన చెప్పులో పాదం దూర్చి
వంతెన దాటే ఎర్రబస్సు కోసం లేచింది.

ఆమె కేసు కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.
తోటా.
దీర్ఘం చెరపలేదు నేను.