ఇతరములు

నెలాఖరు. ఉప్పుటేరు ఒడ్డున రేకుల ఆఫీసు.
ఫ్యాను వేస్తే కాగితాలు ఎగురుతాయని ఆపేసి
చెమటలు కక్కుతూ
కాకినాడ రేవు ఎలా పనిచేసిందో లెక్క కడుతున్నాను.

ఓడ లంగరు వేసిన గంట, తొలి బస్తా లేచిన గంట,
ఆఖరి బస్తా దిగిన గంట, లంగరెత్తిన గంట.
ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే
మిగిలేదే మా పరువు.

పోయిన నెల ఓడకు సగటున తొమ్మిది రోజులు.
ఈ నెల పదకొండు.
"ఆ రెండు రోజులూ ఎక్కడికెళ్లాయండీ?"
అని పైవాళ్లు ఫోను చేశారు,
నేనేదో చొక్కా కింద దాచి
ఇంటికి పట్టుకెళ్లినట్టు.

ఫారంలో గడులున్నాయి.
వాన. యంత్రం చెడుట. కూలీల కొరత. ఇతరములు.
అష్టమి నాడు బార్జీలు కదల్లేదేమని
సరంగు పినపోతు గరగయ్యను పిలిచి అడిగాను.
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"చచ్చునీళ్లు బాబూ. మొగలో నాలుగడుగులు లేదు.
నిండు బార్జీ బురదలో కూచుంటే
లేపడానికి మళ్లీ చంద్రుడే రావాలి."

చంద్రుడికి గడి లేదు.
ఇతరములు అని రాశాను.

మధ్యలో కొలిచే కుర్రాడొకడు దిగాడు,
తెల్ల హెల్మెట్టు, మెడలో స్టాప్‌వాచీ.
గోడౌను గుమ్మం నుంచి చెక్క మీదుగా బార్జీలోకి
బస్తాకి ఎన్ని సెకన్లో రాసుకున్నాడు.
కోశెట్టి అప్పన్న, ముప్పై ఒకటి.
వాడి తమ్ముడు, ముప్పై నాలుగు.
పదకొండో దఫా అప్పన్నకు యాభై రెండు పట్టింది.
"ఏమైంది?"
"తలగుడ్డ జారితే సర్దుకున్నానండి."
కుర్రాడు ఆ యాభై రెండుని కొట్టేశాడు,
సగటు చెడగొట్టేవి ఉంచకూడదట.
కొట్టేసిన బస్తాతో కూలీ కూడా పోయిందేమోనని
అప్పన్న ఆ సాయంత్రం లోపల
నా కిటికీ దగ్గరికి మూడుసార్లు వచ్చాడు.

సరుకు నష్టం: నూటికి సున్నా పాయింటు రెండు.
ఆ పాయింటు రెండుని చీపురుతో ఊడ్చేది
మల్లాడి నూకరత్నం.
ఇసుక చెరిగి, గోనె పీచు ఏరి,
తవ్వతో కొలుచుకుంటుంది,
అంచు తుడిచి కాదు, శిఖరం నిలబెట్టి.
"ఈ నెల ఎలా ఉంది రత్నం?" అంటే
"బాగుందండి, ఆయ్! బస్తాలన్నీ పాతవేనండి" అంది.
మా ఇద్దరి నివేదికలూ
ఏనాడూ కలవలేదు.

మొగలో డ్రెడ్జరు గర్రుమని నములుతోంది.
గంటకి ఎన్ని ఘనపు మీటర్లో దానికీ ఒక గడి.
గొట్టంలోంచి కక్కిన ఒండ్రు
కాస్త నా చెప్పుకి అంటింది. గీకబోయి ఆగాను.
నల్లగా, మెత్తగా, పిండి కలిపినట్టుంది.
ఎర్రనీళ్లొచ్చిన రోజుల్లో గోదారి మోసుకొచ్చిన సరుకు.
ఎక్కడి కొండలవో ఏమో,
కోరంగి మీదుగా వచ్చి
క్రేను లేకుండా, కేకల్లేకుండా
రాత్రికి రాత్రి దింపేసి పోయింది.
దానికి డెమరేజీ కట్టమని ఎవరూ నోటీసివ్వలేదు.
ఎగువన ఇదే మన్ను దిగినచోట వరి వేశారు.
ఆ బియ్యమే అప్పన్న వీపు మీద
ఏ ఆఫ్రికా రేవుకో పోతోంది.
ఓడ నిండేది దీంతోనే.
ఓడ ఆగిందీ దీనివల్లేనని
రాయడానికి పెన్ను తీసి,
వాన గడి చూసి, యంత్రం గడి చూసి,
టీ తాగొచ్చాను.

ఇతరములు: నలభై ఆరు గంటలు.
పైవాళ్లు మళ్లీ ఫోను చేస్తారు. చెయ్యనీ.

ఇవాళ ఏకాదశి.
గట్టు రాళ్ల మీద నిన్నటి తడి గీత
మెల్లగా మునిగిపోతోంది.
హోప్ ఐలాండ్ అవతల ఓడ దీపాలు పెట్టుకుంది.
తాళ్లు విప్పుతున్న చప్పుడు,
ఎవడో ఎవడినో తిడుతున్న చప్పుడు.
గరగయ్య చెవి మీది బీడీ తీసి ముట్టించాడు.
"టైము రాసుకో బాబూ!"

ఏడు పన్నెండు.