పదకొండో వార్డు

మొన్నటి దాక మాది ఊరు, రేగులచెల్క.
శుక్రవారం పొద్దుగాల కాగితమొచ్చింది,
ఇగ మాది పదకొండో వార్డు.

నేను కారోబార్‌ను.
ఇరవై రెండేండ్లు ఇంటిపన్ను రసీదులు రాసిన చెయ్యి ఇది.
పంచాయతి బోర్డు దించేటప్పుడు
నిచ్చెన పట్టుకున్నది గూడ నేనే.
బోర్డు ఎనుక రెండు బల్లిగుడ్లు,
సున్నం తాకని నలుపలకల గోడ.
అంతే.

కొలతలకొచ్చిన పిల్లగాడు ఫహీం
"హద్దులు చెప్పు కాకా" అన్నడు.
చెప్పిన:
తూర్పుకు, ఎర్రచెల్క అయిపోయి
చెప్పులకు రేగడి అంటుకునుడు మొదలైతే
అది పక్కూరు.
పడమటికి, పందిగుట్ట నీడ
పొద్దుగాల ఎంతదూరం పడితే అంత.
ఉత్తరానికి, మత్తడి దుంకిన చప్పుడు ఇనవడేదాక.
దక్షిణం నాకు సక్కగ ఎరుకలేదు,
అటు పన్నుకు పోతే
కొంరక్క కుక్క రానియ్యకపోయేది.

వాడు నవ్వి, పలక లెక్కున్న ఫోన్ల
చుక్కలు పెట్టుకుంట పోయిండు.
చుక్కలన్ని కలిసి గీతయినయి.
గీత కుంట నడిమిల నుంచి పోయింది.
తూము పదకొండుల, మత్తడి పన్నెండుల.

నీరటి ఓదెలు చానసేపు చూసి
"మరి చాపలు ఏ వార్డుయి?" అన్నడు.
పరాష్కం గాదు. నిజంగనే అడిగిండు.

అబద్ధమెందుకు, లైట్లొచ్చినయి.
తెల్లటి లైట్లు, కింద ఉసిళ్లు.
చెత్తబండి గూడ వచ్చింది మైకు పెట్టుకోని,
తడి చెత్త, పొడి చెత్త అనుకుంట.
తడిది బర్రె తిన్నది,
పొడిది పొయ్యి తిన్నది.
మూడు దినాలు బండి ఉత్తగనే తిరిగిపోయింది.
నాలుగో దినం డ్రైవర్ మా ఇంట్ల చాయ్ తాగి
"జరంతన్న ఎయ్యుండ్రి, నాకు లెక్కుంటది" అన్నడు.
మా ఆమె పాత చీపురిచ్చింది.

కొంరక్క ఉపాధి కార్డు పట్టుకోని వచ్చింది.
మున్సిపాల్టిల గా పని ఉండదక్కా, రూలు అంటే
కార్డును అటుదిప్పి ఇటుదిప్పి చూసింది.
"కుంటల పూడిక గట్లనే ఉన్నది గదనే,
మన్ను గూడ పట్నమైందా?"
ఆమెకు చెప్పేటందుకు
నా తాన ఏ ఫారమూ లేదు.

గ్రామసభ అంటే బడి వరండల కొట్లాట.
మోరీ సంగతి మొదలువెడితే
అత్తాకోడండ్ల లొల్లి దాక పోయేది,
మినిట్లు రాయలేక నా పెన్ను ఆగేది.
ఇప్పుడు సభ తొమ్మిది కిలోమీటర్ల అవతల,
కుర్చీలకు తెల్లగుడ్డలు.
మా కౌన్సిలరమ్మకు రెండు నిమిషాలిస్తరట.
ఆమె దమ్ము తీసుకునేటందుకే ఒకటి పోతది.

కార్తెలు దాటుతున్నయి, నారు ముదురుతున్నది.
తూము లేపాలంటే
ఎవరి సంతకమో తేలలేదు.
నిన్న రాత్రి ఓదెలు పోయి లేపిండు.
టార్చి పట్టింది నేనే.
నీళ్లు మొదాలు బుడబుడమన్నయి,
ఆనక గీత ఎక్కడున్నదో అడగకుంట పోయినయి.

ఇంటికొచ్చి పాత రిజిస్టరు తీసిన.
ఆఖరు పేజి ఒకటి మిగిలింది.
తారీకు ఏసి రాసిన:
తూము లేపనైనది.
మొహరు గుద్దుదామంటే
దాన్ని మూటగట్టి పంపితిమి గద.
పేజి మూలకు బొటనేలు ఆనింది,
మన్ను అంటింది.