పంటి గాటు

విదిన్‌లో, డాన్యూబ్ ఒడ్డున,
ఆదివారం క్లినిక్ తలుపు వేసుకుని
స్పాస్కా డాక్టరమ్మ
పళ్ళ గార గీకే కొక్కెంతోనే
రోమన్ దీనారం మీది మట్టి గీకుతోంది.

ట్రాక్టరు మెతోది ఇచ్చాడు దాన్ని,
కట్టుడు పళ్ళ బాకీకి చెల్లు.
చక్రవర్తి ముక్కు అరిగిపోయింది, మెడ బిరుసు పోలేదు.
వెనక విజయదేవతకి ఒక్క రెక్కే మిగిలింది.

అంచున చిన్న నొక్కు.
కళ్ళజోడు మీదికి భూతద్దం దించింది.
గాటు.
పై కోరపన్ను, ఎడమవైపుది, కాస్త వంకర.
ముప్పయ్యేళ్ళుగా నోళ్ళు చదివిన మనిషి, పొరబడదు.

గాటు లోపల ఎర్రగా రాగి.
వెండి ఉత్త పైపూత.

ఎవరయ్యా నువ్వు?
నాలుగు నెలలు నది కాపలా కాసి
జీతానికి చెయ్యి చాపిన సిపాయివా?
పన్ను కట్టబోయి పన్ను విరగ్గొట్టుకున్న రైతువా?
కొరికాక ఏం చేశావు,
ఉమ్మేశావా?
లేక మూతి తుడుచుకుని
చీకటి పడేదాకా ఆగి
ద్రాక్షసారా కొట్టువాడి చేతిలో పెట్టావా?

ఆల్బమ్‌లో మేలిమి వెండివి నలభై ఉన్నాయి,
కింద రాజుల పేర్లు, ఏళ్ళు.
దీని కింద మాత్రం
రోగి చీటీ మీద రాసినట్టే రాసింది:

పేరు తెలియదు.
పై ఎడమ కోర.
నొప్పి ఉండే ఉంటుంది.