కచ్చూరాలు, కొంచెం దవనం

బజారు వీధిలో చెంగల్రాయశెట్టి అంగడి.
"దేనికమ్మా?" అంటే
"తలంటుకి" అని అబద్ధం చెప్పినా.
కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి
గంధకచ్చూరాలు పొట్లం కట్టినాడు,
తుంగముస్తెలు, పిడికెడు వట్టివేళ్లు.
అడక్కుండానే చిటికెడు పచ్చకర్పూరం వేసి
"ఇది తలంటుకి కాదులే" అన్నాడు,
చిల్లర లెక్కపెడతా.

మల్లెపూలు కొనలేదు.
పెళ్లయిన పదకొండేళ్లకు మల్లెపూలు పెట్టుకుంటే
ఎదురింటి అక్కకు కూడా తెలిసిపోతుంది.
దవనం అట్ల కాదు.
జడ లోపల రెండు రెమ్మలు దాస్తే
దగ్గరికొచ్చినోడికే తెలుస్తుంది.

జూన్ మొదటి వారం.
చిత్తూరంతా తోతాపురి వాసన.
గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు
మొగిలి ఘాటు దాకా ఉన్నాయా అన్నట్టు.
మునిరత్నం రెండో షిఫ్టు దిగి వస్తే
చొక్కా నిండా తీపి, పులుపు, కుళ్లు.
దాన్ని గెలవాల నేను.

పిల్లోణ్ణి పూతలపట్టులో అమ్మ దగ్గర దించేసినా.
కుండ నీళ్లలో వట్టివేళ్లు.
దిండు కింద మరువం.
నిప్పుల మీద సాంబ్రాణి,
దాని మీద కచ్చూరాల పొడి,
ఆ పొగలో పాత నీలం చీర.
మా అవ్వ ఇట్లనే వేసేది,
తాత సంత నుంచి తిరిగొచ్చే రాత్రి.
ఎందుకవ్వా అంటే
"దోమలకి" అనేది.

వచ్చినాడు. కాళ్లు కడుక్కున్నాడు.
కుండ నీళ్లు తాగి "చల్లగుండాయి" అన్నాడు.
అంతే.
జడ ముందుకేసుకొని పక్కన కూచున్నా.
"కొత్త చీరా?" అన్నాడు.
లేచి లోపలికి పోయినా.

అప్పుడు మాడినాయి పాలు.
నేను గదిలోంచి పరిగెత్తుకొచ్చేసరికి
పొయ్యికి మూరెడు దూరంలో
పేపరు చదువుకుంటా ఉన్నాడు మనిషి.

"మాడు వాసన రాలేదా?"

పేపరు మడిచినాడు. విప్పినాడు. మళ్లా మడిచినాడు.
"ఏదీ రాదు మే.
ఆ మాయదారి జ్వరం వచ్చిపోయిన కాణ్ణించి."

మూడేళ్లు.
మూడేళ్లుగా నా చారు గిన్నె మూత తీసి
"ఘమఘమలాడతాంది" అన్న మనిషి.

"ఫ్యాక్టరీలో తెలిస్తే ఇంకేముంది?
కాయ పులిసిందీ లేందీ ముక్కుతో చెప్పే పని నాది.
రంగు చూసి నెట్టుకొస్తాండా."

దీపం ఆర్పలేదు నేను.
పొట్లాలన్నీ తెచ్చి మంచం మీద విప్పినా.
"చెయ్యి పట్టు. ఇదేందో చెప్పు."
వేళ్లతో నలిపి "చింపిరి జుట్టు" అన్నాడు.
నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.
వట్టివేరు.
"ఎట్లుంటుందది?"
ఎట్లుంటుంది?
ఎప్పుడూ మాటల్లో పెట్టలేదే దాన్ని.
నీవా ఏట్లో ఇసక తవ్వితే
నీళ్లు ఊరకముందే ఒక చలవ తగుల్తుంది చూడు,
అట్ల.

తుంగముస్తె?
అవ్వ రేకు పెట్టె మూత,
తీసీ తీయకముందు.
కచ్చూరం?
అల్లం తానం చేసి ముస్తాబైతే.
పచ్చకర్పూరం మాత్రం చెప్పలేదు,
వేలికద్ది కింది పెదవి మీద రాసినా.
కాసేపు కళ్లు మూసుకొని
"కొండ మీద తీర్థం" అన్నాడు.
"వాసనొచ్చిందా?"
"లేదు. చల్లగా మండింది."

మరువం దిండు కింద ఉన్న సంగతి
ఇద్దరమూ మర్చిపోయినాం.

"ఇంకేముండాయి?" అన్నాడు.
దవనం ఉంది.
యాడ?
"వెతుక్కో" అని జడ విప్పినా.

చెవి వెనక వెతికినాడు, మెడ మీద,
భుజం దిగే చోట.
ముక్కు చచ్చిన మనిషి
ముక్కుతోనే వెతికినాడు,
పులిసిన కాయను కనిపెట్టేటంత శ్రద్ధగా.
"దొరికిందా?"
"లే. ఇంకా చూడాల."

రెమ్మలు రెండూ ఎప్పుడో జారి
చాప మీద పడి ఉండాయి.
కిటికీలోంచి మామిడి గుజ్జు వాసన
వస్తానే ఉంది, వస్తానే ఉంది.
దాని గురించి మాత్రం ఆయనకు చెప్పలేదు.