పడదు

పడదు అంటాం మనం,
వంకాయకీ ఆడబిడ్డకీ ఒకటే మాట.
ఇక్కడ హోబార్ట్‌లో, రేవు పక్కన మలేసియా హోటల్లో
ఆ మాట చాలదు.
మంచినీళ్ళు అడక్కముందే
ముక్కూ మొహం తెలియని కుర్రాడికి
నవ్వుతూ చెప్పాలి:
పల్లీ తగిలితే పోతాను.

రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు.
ఆఫీసువాళ్ళంతా మెనూల వెనక్కి తగ్గారు.
"కొంచెం కూడానా?" అంది గ్రెటా, ప్రతిసారిలాగే.
బ్యాగులో సూది ఉందో లేదో తడిమి చూసుకున్నాను,
ఇంటి తాళాలు చూసుకున్నట్టు.

ఇదివరకు చాలామంది "నో వర్రీస్" అన్నారు.
ఆ రెండు మాటలు నమ్మి
ఒకసారి అంబులెన్సు ఎక్కాను.

ఇవాళ వంటాయనే బయటికొచ్చాడు,
ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ.
"ఒకటే నూనె, ఒకటే మూకుడు.
మాటివ్వలేనమ్మా" అన్నాడు.
అమ్మా అని ఉండడు, నాకలా వినిపించింది.

గ్రెటాకి కోపం వచ్చింది.
నాకు ఆకలేసింది.
బయట ఎక్కడైనా
నాకు ఆకలేసి ఎన్నాళ్ళయిందో.

కొత్త గిన్నె, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసింది,
అందులో రెండు గుడ్లు ఉడకేసి
పెంకుతోనే తెచ్చిపెట్టాడు, పక్కన చిటికెడు ఉప్పు.
పెంకు లోపలికి ఎవరి గరిటే పోలేదు కదా.

వాళ్ళ పళ్ళేల్లోంచి పల్లీ ముద్ద వాసన.
కిటికీ వైపు జరిగాను.
రెండోది వలుస్తుంటే వేళ్ళు కాలాయి.

బిల్లులో గుడ్లు లేవు.